గురి పలక కింద

పెద్దులు ఖానాపూర్ అడవిలో పదకొండు ఎండాకాలాలు ఫైర్ వాచర్‌గా పనిచేసినవాడు. టేకాకు రాలడం మొదలైతే చాలు, తొలకరి పడేదాకా అతని కాపురం అడవిలోనే. ఆకు ఊడ్చి, గడ్డి చెక్కి, మంట దాటకుండా ఎడ్లబండి పట్టేంత వెడల్పున ఫైర్ లైన్లు తీసేవాడు. ఎక్కడ పొగ కనబడినా పచ్చి కొమ్మ విరుచుకుని అటు పరుగెత్తేవాడు. అలాంటి మనిషి నలభై ఆరేళ్ల వయసులో ఒమాన్ వచ్చి, తుపాకుల ఎదుట గుంతలో కూర్చునే పనిలో పడ్డాడు.

వీసా మీద రాసింది మాత్రం తోటపనే. బర్కా దాటి కొండల వైపు పోతే వచ్చే ఖర్జూర తోట అది. చెట్లకు నీళ్లు పెట్టాలి, ఎండిన మట్టలు నరకాలి, మేకలకు మేత వేయాలి. తోట యజమాని హిలాల్‌ను పనివాళ్లందరూ అర్బాబ్ అనే పిలుస్తారు. హిలాల్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి కొట్టింది లేదు, బూతు మాట అన్నది లేదు. కానీ గురి పందెం అంటే అతనికి ప్రాణం. శుక్రవారం నమాజు కాగానే బావమరిది నాసర్‌నూ, నలుగురు స్నేహితులనూ వెంటబెట్టుకుని తోట వెనకున్న వాదీలోకి వచ్చేవాడు. వానొస్తే తప్ప నీరు పారని రాళ్ల ఏరు ఆ వాదీ. మొదట్లో విశాలంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ రెండు గట్లూ గోడల్లా దగ్గరకొచ్చి, చివర నిలువు బండ దగ్గర ఆగిపోతుంది.

ఆ బండ ముందే రెండు గుంజల మధ్య అన్నం కంచమంత ఇనుప పలక వేలాడదీశారు. రెండు వందల అంగల దూరంలో చాప పరుచుకుని బోర్లా పడుకుని దాన్ని కొడతారు. పలకకు ఎడమ పక్కన పదిహేను అంగల్లో ఛాతీ లోతు గుంత, దాని ముందు పేర్చిన రాళ్లు. అందులో పెద్దులు. తగిలితే తెల్ల జెండా, తప్పితే ఎర్ర జెండా రాళ్ల మీదుగా ఊపాలి. తల మాత్రం ఎత్తకూడదు. కాల్చడం ఆపాం అని జీపు హారన్ కొడితేనే బయటికి రావాలి.

"గా గుంతల ఎట్ల గూసుంటవన్నా? నాకైతే చూస్తేనే ఊపిరాడదు" అనేవాళ్లు తోటలో మిగతా ఇద్దరు పనివాళ్లు. వాళ్లను పిలవలేదు కాబట్టి వాళ్లు అలా అనగలిగారు.

ముందటేడు జూన్‌లో గోను తుఫాను వచ్చింది. కొండల మీద కురిసిన నీళ్లు వాదీ నిండా పారి, కూలిన ఖర్జూర మొద్దుల్నీ మట్టల్నీ తెచ్చి గట్ల వెంబడి గుట్టలుగా పోసి పోయాయి. చలికాలంలో మళ్లీ రెండు జల్లులు పడ్డాయి. దాంతో ఎన్నడూ రాళ్లు తప్ప కనబడని వాదీలో మోకాలెత్తు గడ్డి లేచింది. ఒమానీలు దాన్ని చూసి మురిసిపోయారు. పెద్దులు కూడా మేకలకు కోసి వేశాడు. మే నెల వచ్చేసరికి అదంతా ఎండి, గాలికి గలగలమంటూ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు పెద్దులుకు బాగా తెలుసు.

ఆ శుక్రవారం నాసర్ కొత్త తూటాల పెట్టె తెచ్చాడు. లోపల ఉక్కు ఉంటుందట, ఇనుములోకి కూడా దిగుతుందట. అందరి చేతుల్లో పెట్టి మరీ చూపించాడు. అంతవరకూ వాళ్లు కాల్చినవి సీసం తూటాలు. పలకకు తగిలి ఠంగుమని, నలిగి చదునై కింద పడేవి. ఈ కొత్తవి అలా కాదు. మొదటిది తగలగానే పలక మీద చిటుక్కున ఎర్రటి రవ్వలు లేవడం గుంతలోంచి పెద్దులు చూశాడు. రెండోది తప్పి వెనక బండకు తగిలితే అక్కడా రవ్వలే.

ఐదు తూటాలయ్యాక హారన్ మోగింది. పలకకు మళ్లీ తెల్లరంగు పూసి రావాలి. పెద్దులు రంగు డబ్బా పట్టుకోలేదు. తిన్నగా రెండు వందల అంగలూ నడిచి చాప దగ్గరికొచ్చాడు.

"అర్బాబ్, హషీష్ యాబిస్" అన్నాడు. గడ్డి ఎండి ఉందని. అంతకు మించి కూర్చి చెప్పేంత అరబ్బీ అతనికి రాదు. మిగతాదంతా హిందీలోనే. "ఈ తూటాలకు నిప్పురవ్వ లేస్తున్నది. నేను కళ్లతో చూసిన. గడ్డిల పడితే అంటుకుంటది. ఒక్క గంట ఇవ్వండి. పలక చుట్టూ, ముందర గడ్డి చెక్కేస్త. మందుకొట్టే డబ్బాల నీళ్లు నింపి పక్కన పెట్టుకుందాం. అప్పుడు కాల్చుకోండి."

హిలాల్ గడ్డి వైపు చూశాడు. ఏదో అనబోయాడు కూడా. అంతలో నాసర్ పకపకా నవ్వాడు. ఎదుటివాడి నోరు నవ్వుతోనే మూయించే రకం అతను.

"మా తాత ఇక్కడే కాల్చాడు, మా నాన్న ఇక్కడే కాల్చాడు. ఈ హిందీ, ఈ ఇండియావాడు వచ్చి మాకు తుపాకీ నేర్పిస్తాడట!"

"మీ తాత నాటికి గడ్డి లేదు గదా" అని పెద్దులు నోటిదాకా వచ్చింది. అనలేదు.

ఆ సమయానికే హిలాల్ ఫోను మోగింది. మస్కట్ నుంచి వస్తున్న చుట్టమెవరో పెద్దరోడ్డు మీద దారి తప్పాడు. "వచ్చే శుక్రవారానికి చెక్కుదువులే" అంటూ హిలాల్ పెద్దులు భుజం తట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు.

కొంచెం దూరంలో గట్టు మీది తుమ్మచెట్టు నీడన జైనబీ బిర్యానీ దేగిసా కింద బొగ్గులు సర్దుతోంది. ఆమెది కడప జిల్లా రాయచోటి. బర్కాలోని హిలాల్ ఇంట్లో నాలుగేళ్లుగా వంటమనిషి. శుక్రవారాల్లో ఆమెను కూడా తీసుకొస్తారు. మిగతా పనివాళ్లు రాని ఆ వాదీలో వాళ్లిద్దరికీ ఒకరికొకరు తప్ప తెలుగు మాట లేదు.

"ఏమన్యారన్నా?" అని అడిగింది.

"ఏమంటరు చెల్లె. వచ్చే శుక్రవారమట."

"అట్లయితే ఈ పొద్దు కడుపులో నొప్పని చెప్పి పోవాకు."

"నొప్పని జెప్తే రేపటి సంది ఏమైతదో నీకెరుక లేదా?"

ఆమెకూ తెలుసు. పెద్దులు జేబులోని అగ్గిపెట్టెతో బొగ్గుల మూల ఆరిపోయినచోట మళ్లీ అంటించి ఇచ్చి, రంగు డబ్బా తీసుకుని వెనక్కి నడిచాడు. నడుస్తూ ఒక సంగతి అనుకున్నాడు. తగిలితే తెల్ల జెండా, తప్పితే ఎర్ర జెండా. మరి ఆపండి అని చెప్పాలంటే? దానికి జెండా లేదు. వెనక్కి తిరిగి అడుగుదామా అనుకున్నాడు. నాసర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అడగకుండానే వెళ్లి గుంతలో దిగాడు. ఆ తర్వాత ఎన్నో రోజులు అతన్ని తిన్నది నాసర్ నవ్వు కాదు, ఆ అడగకపోవడమే.

సాయంత్రం నాలుగైంది. సముద్రం వైపు నుంచి రోజూ వచ్చే గాలి అప్పుడే లేచి, వాదీ మొదటి నుంచి చివరి బండ వైపు తోస్తోంది. నాసర్ కాల్చడం మొదలుపెట్టాడు. రెండు తగిలాయి. మూడోది కిందికి పోయింది. పలక మోగలేదు. గుంతకు ముందర ముప్పై అంగల్లో ఎక్కడో రాయి పగిలిన చప్పుడైంది. పెద్దులు ఎర్ర జెండా ఊపాడు.

ముందు వాసన వచ్చింది. తర్వాత చిటపట. రాళ్ల సందులోంచి చూస్తే గడ్డి మీద గాలి వణుకుతోంది. ఎండలో మంట కనబడటం లేదు. దాని కింద నేల మాత్రం నల్లగా మారుతూ, ఆ నలుపు తన వైపే జరుగుతోంది.

పెద్దులు ఎర్ర జెండా పట్టుకుని పిచ్చివాడిలా ఊపాడు. తూటా వచ్చింది. నేల మీది రాయికి తగిలి పక్కకు మళ్లి, గుంత ముందరి రాళ్లకు జానెడు ఎడంగా దూసుకుపోయి బండకు తగిలింది. చెయ్యి లోపలికి లాక్కున్నాడు. అవతల వాళ్లకు అది తప్పింది అన్న జెండాయే. తెల్లదీ ఎర్రదీ రెండూ కలిపి ఊపాడు. "ఆపుండ్రి! అగ్గి! నార్! నార్!" అని తెలుగులోనూ అరబ్బీలోనూ గొంతు పగిలేలా అరిచాడు. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. అతని అరుపు అతని వెనక బండకే తగిలి అతనికే తిరిగొచ్చింది.

ఎడమ పక్క గట్టు నిలువుగా ఉంది. కుడి పక్కా అంతే. వెనక బండ. ముందు మంట, దాని వెనక తుపాకీ. గుంతలోనే ముడుచుకుని పడుకుందామని ఒక్క క్షణం మనసు లాగింది. తూటా తగలదు, నిజమే. కానీ ఖానాపూర్‌లో ఒకసారి మంటకు భయపడి బొందలో దాక్కున్న ఒకతన్ని ఎత్తి పైకి తీసింది పెద్దులే. పొగ నీళ్లలాగా పల్లానికి దిగుతుంది. గుంత అంచు దాకా గడ్డి. ఇక్కడే ఉంటే బయటపడేది మనిషి కాదు.

చేయవలసింది ఏమిటో అతని చేతులకు గుర్తుంది. మంట రాకముందే, తన వెనక గడ్డిని తానే తగలబెట్టాలి. గాలి దాన్ని బండ వైపు తీసుకుపోతుంది. కాలిన నేలలోకి తాను జరగాలి. రెండోసారి కాలడానికి అక్కడ ఏమీ ఉండదు. అదంతా సరే. కానీ బండ దాకా ఉన్న ఆ నేల ఏది? పలక ముందరి నేల. తూటాలు వచ్చి పడే నేల.

మంట పదిహేను అంగల్లోకి వచ్చింది. కనురెప్పల వెంట్రుకలు ముడుచుకుంటున్నాయి. అగ్గిపుల్ల గీశాడు, ఆరింది. ఇంకోటి గీసి గుంత వెనకంచున గడ్డి దుబ్బుకు పెట్టాడు. భగ్గుమంది. గాలి దాన్ని అందుకుని బండ దాకా ఒక్క ఊపున నడిపించింది. పలక కింద గడ్డంతా నాలుగు గుటకల్లో నల్లబడింది. సీసాలో మిగిలిన నీళ్లు తలగుడ్డ మీద పోసి, దాన్ని ముక్కుకూ మూతికీ చుట్టుకుని, పెద్దులు గుంతలోంచి పాకుతూ బయటికొచ్చాడు.

నేల పెనంలా ఉంది. అరచేతులు అంటుకుపోతున్నాయి. మోకాళ్ల మీద లేద్దామంటే పైన తూటా. బొజ్జ మీద పాకాడు. పలక కింద బండ మొదట్లో వరద తొలిచిన చిన్న బొరియ ఉంది. అందులో తల దూర్చి, కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. అప్పుడు అతని నెత్తి మీద పలక ఠంగుమంది. సూదుల్లాంటి ఇనుప తునకలు వీపు మీద పడ్డాయి. తగిలింది అని తెల్ల జెండా ఊపేవాడు అక్కడ లేడు.

ఇంకోటి వస్తుందని పళ్లు బిగించాడు. రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ముందరి మంట గుంత దాకా వచ్చి, కాలడానికి ఏమీ దొరక్క రెండు పాయలై గట్ల వైపు పోయింది. పొగలో దగ్గుతూ, యాదవ్వ పేరు తలుచుకుంటూ పెద్దులు అలాగే పడి ఉన్నాడు. యాదవ్వ అతని భార్య. ఎందుకు ఆమె పేరే నోటికొచ్చిందో తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. ఊళ్లో ఉన్నప్పుడు ఆమెను పేరు పెట్టి పిలిచింది తక్కువ.

తుపాకులు ఎలా ఆగాయో జైనబీ చెబితేనే అతనికి తెలిసింది. గట్టు మీద ఎత్తున ఉండటంతో ఆమెకు మంట ముందే కనబడింది. అరిచింది. నాసర్ వినలేదు. గడ్డి కాలితే కాలనీ, ఇంకొక్క గుండు అన్నాడు. ఆమె గరిటె అలాగే పట్టుకుని దిగొచ్చి, చాప ముందుకు పోయి, తుపాకీ మూతికి మూరెడు దూరంలో నిలబడింది. "లోపల మనిషి! మనిషి ఉన్నాడు!" అని అరబ్బీలో కేకపెట్టింది. నాసర్ ఆమెను తిడుతూనే ట్రిగ్గర్ మీది వేలు తీసేశాడు.

మంట అక్కడితో ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. గట్టు వెంబడి తుఫాను తెచ్చి పోసిన మట్టల గుట్టలున్నాయి. అవి అంటుకున్నాయి. వాటి మీదుగా పొరుగు తోటలోకి నిప్పు దూకింది. బర్కా నుంచి అగ్నిమాపక బండి వచ్చేసరికి పద్నాలుగు ఖర్జూర చెట్లు మాడిపోయాయి. బండి వెనకే పోలీసు వాహనం వచ్చింది.

"ఎవరు అంటించారు?" అని ఆఫీసరు అడిగాడు. ముప్పైకి మించని వయసు, గంభీరమైన మొహం.

"వీడే" అన్నాడు నాసర్. "బీడీ తాగుతాడు. జేబు చూడండి, అగ్గిపెట్టె ఉంటుంది."

ఉంది. పెద్దులు కాదనలేదు. "నేను అంటించిన మాట నిజమే, కానీ..." అని హిందీలో మొదలుపెట్టాడు. ఆ 'నిజమే' దగ్గరే పోలీసు అతని రెక్క పట్టుకున్నాడు.

అప్పటికి హిలాల్ చుట్టాన్ని తీసుకుని తిరిగొచ్చాడు. పెద్దులు అతని కళ్లలోకి చూశాడు. గడ్డి ఎండిందని చెప్పింది ఈయనకే కదా, నిప్పురవ్వ అని చెప్పింది ఈయనకే కదా. హిలాల్ బావమరిది వైపు చూశాడు, మాడిన చెట్ల వైపు చూశాడు.

"నేను ఇక్కడ లేను" అన్నాడు.

అబద్ధం కాదు. పెద్దులుకు అరచేతుల మంటకంటే ఆ మాట ఎక్కువ కాలింది.

పోలీసు బండి వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశారు. అద్దాలు పైకి ఉన్నాయి. లోపల తీయడానికి పిడి లేదు. పాస్‌పోర్టు హిలాల్ బీరువాలో. ఊరి ఫోను నంబరు రూమ్‌లో గోడ మీద. బండి లోపల కూర్చుంటే గుంతే నయమనిపించింది. గుంతలో చేయడానికి ఏదో ఒకటి ఉండింది.

అద్దంలోంచి జైనబీ ఆఫీసరు దగ్గరికి నడవడం కనబడింది. హిలాల్ ఏదో అంటూ అడ్డం రాబోయాడు. ఆమె ఆగలేదు. ఇంటి ఆడవాళ్లతో మాట్లాడి నేర్చుకున్న అరబ్బీలో చేతులూపుతూ చెప్పింది. ఆఫీసరు కాసేపు విన్నాడు. వచ్చి తలుపు తీసి, తనకొచ్చిన హిందీలో అన్నాడు.

"నువ్వే అంటించానన్నావు. ఆమె వేరే చెబుతోంది."

"రెండు మంటలు సార్. ఒకటి తూటాది. ఒకటి నాది. నాతో రండి, చూపిస్త."

చీకటి పడటానికి ఇంకా గంట ఉంది. కాలిన నేల మీద పెద్దులు ముందు, ఆఫీసరు వెనక. గుంత దగ్గర మొదలుపెట్టాడు. "నాది ఇక్కడి నుంచి బండ దాకనే. ఇది చూడండి, గుంత అంచుల అగ్గిపుల్లలు." అక్కడి నుంచి వాదీ మొదటి వైపు నడిచాడు. దారిలో ఒక్కో రాయిని తిప్పి చూపించాడు. ఒక పక్కే మసిబారింది, రెండో పక్క తెల్లగానే ఉంది. "మసి ఉన్న దిక్కు నుంచి మంట వచ్చింది. ఆ దిక్కే పోదాం." ముప్పై అంగల తర్వాత ఒక రాయి దగ్గర వంగాడు. దాని నెత్తిన పిడికిలంత పెచ్చు ఊడి, లోపల తాజా రంగు కనబడుతోంది. పక్కనే నలిగిన ఉక్కు ముక్క. అక్కడికి అవతల గడ్డి పది అంగలు మాత్రమే, అదీ మెల్లగా, గాలికి ఎదురు కాలింది.

"నేనే అంటించాలనుకుంటే సార్, ముప్పై అంగలు ముందుకు పోయి, గాలి నా మీదికి ఉన్నప్పుడు అంటించి, మళ్ల వచ్చి గుంతల కూసుంటనా?"

ఆఫీసరు ఆ ఉక్కు ముక్కను చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు.

"అడవిల సార్. ఫైర్ వాచర్ పని."

ఆయన వెనక్కి నడిచి నాసర్ ముందు చెయ్యి చాపాడు. తుపాకులు మూడూ, తూటాల పెట్టె కూడా బండిలోకి చేరాయి. నాసర్ కూడా వేరే బండిలో వెనక వెళ్లాల్సి వచ్చింది. పెద్దులును ఆసుపత్రికి తీసుకెళ్లి చేతులకు కట్టు కట్టించారు.

రెండు నెలలు గడిచాయి. నాసర్ మళ్లీ ఆ తోట వైపు రాలేదు. పొరుగు తోటతో హిలాల్ ఏదో సర్దుబాటు చేసుకున్నాడు. జైనబీని పంపించేస్తారని అందరూ అనుకున్నారు. హిలాల్ భార్య ఒప్పుకోలేదట. పెద్దులు ఊరికి పోతానని అడిగితే, కాయ కోత అయ్యాక చూద్దాం అన్నాడు హిలాల్. బీరువా తెరుచుకోలేదు. "నువ్వు ఇంకోసారి అడుగన్నా" అంది జైనబీ. ఇంకోసారి అడిగాడు. అదే జవాబు.

ఆగస్టులో హిలాల్ తుపాకీ అతనికి తిరిగొచ్చింది. ఒక సాయంత్రం పెద్దులు మట్టలు నరుకుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపు చెట్ల గురించే మాట్లాడాడు. చివరికి అసలు మాట తీశాడు. రంజాన్ తర్వాత మేనల్లుడి పెళ్లి ఉంది, గురి పందెం పెట్టాలి. ఉక్కు తూటాలు వద్దని చెప్పేశాను, సీసంవే. మొన్న పడ్డ జల్లుకు పలక దగ్గర గడ్డి మళ్లీ మొలిచింది, చెక్కాలి.

"చెక్కుత అర్బాబ్" అన్నాడు పెద్దులు. "మట్టల గుట్టలు కూడా తీసేస్త. నీళ్ల డ్రమ్ములు పెడ్త. గాలి ఎక్కువుంటే ఆ రోజు కాల్చొద్దు. కానీ గుంతల కూసోను."

హిలాల్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "మరి తగిలిందో లేదో ఎవరు చెబుతారు?"

"దుర్బిణీతోని చూసుకోండి."

"నీ వీసా నా పేరు మీద ఉంది, పెద్దులూ."

"ఎరుకే అర్బాబ్."

గొడ్డలి పక్కన పెట్టి, కట్టు విప్పాక ముడతలు పడ్డ ఎర్రటి అరచేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించుకుని పెద్దులు అలాగే కూర్చున్నాడు. బదులు ఏమొచ్చినా సరే, లేచి గుంతలోకి మాత్రం దిగకూడదని తనకు తాను చెప్పుకుంటున్నాడు. హిలాల్ ఆ చేతుల వంక చూశాడు, మొహం తిప్పుకున్నాడు. కాలితో ఎండిన మట్టను అటూ ఇటూ జరిపాడు.

"పలక ముందు ఎంత దూరం చెక్కాలి?" అని అడిగాడు చివరికి.

"నలభై అంగలు. కింది రాయి కనబడేదాక."

"చెక్కడానికి రేపు ఇంకో ఇద్దరిని తోడు పంపిస్తాను" అని, గుంత మాట మళ్లీ ఎత్తకుండా హిలాల్ జీపు వైపు నడిచాడు.